ఓట్లు తగ్గినా సీటు గెలిచారు, ఎలా?

స్కాట్లండ్ పార్లమెంటు ఎన్నికల తర్వాత ఓటర్ల మొగ్గు ఎటు మారిందో తేల్చడం ఎలాగని చాలామంది పాఠకులు అడిగారు. ఎడిన్‌బరాలో పార్లమెంటు ఉన్న చోటి పేరు హోలీరూడ్ కాబట్టి ఆ ఎన్నికను అదే పేరుతో రాస్తున్నాం. లండన్‌లోని బ్రిటన్ పార్లమెంటు ఎన్నికను వెస్ట్‌మినిస్టర్ ఎన్నిక అంటున్నాం. ఎస్‌ఎన్‌పీ అంటే స్కాట్లండ్ స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీ.

ప్రశ్న: 2025 జూన్‌లో హామిల్టన్ ఉప ఎన్నికలో ఎస్‌ఎన్‌పీ నుంచి లేబర్‌కు 7.4 శాతం స్వింగ్ వచ్చిందన్నారు. లేబర్ ఓటు శాతం మునుపటి కంటే తగ్గిందని కూడా అన్నారు. రెండూ ఎలా నిజమవుతాయి?

రెండూ నిజమే. తికమకంతా స్వింగ్ అనే మాటలోనే ఉంది. రెండు పార్టీలను తీసుకుని, ఒకదాని పెరుగుదలను, రెండోదాని తరుగుదలను కలిపి రెండుతో భాగిస్తే వచ్చేదే స్వింగ్. ఆ సూత్రానికి మూడో పార్టీ కనిపించదు.

హామిల్టన్, లార్క్‌హాల్ అండ్ స్టోన్‌హౌస్ నియోజకవర్గంలో 2021లో ఎస్‌ఎన్‌పీకి 46.2 శాతం, లేబర్‌కు 33.6 శాతం, కన్సర్వేటివ్‌లకు 17.5 శాతం వచ్చాయి. సభ్యురాలు క్రిస్టినా మెక్‌కెల్వీ మరణంతో 2025 జూన్ 5న ఉప ఎన్నిక జరిగింది. అందులో లేబర్‌కు 31.6, ఎస్‌ఎన్‌పీకి 29.4, కుడిపక్ష పార్టీ రిఫార్మ్ యూకేకు 26.1, కన్సర్వేటివ్‌లకు 6 శాతం వచ్చాయి. లేబర్ 2 పాయింట్లు పోగొట్టుకుంది, ఎస్‌ఎన్‌పీ 16.8 పోగొట్టుకుంది. మైనస్ 2కు 16.8 కలిపి సగం చేస్తే 7.4. దాన్ని చదివినవాళ్లు వందలో ఏడుగురు ఎస్‌ఎన్‌పీని వదిలి లేబర్‌కు ఓటేశారని అనుకుంటారు. ఆ అంకె అలా చెప్పడం లేదు. ఎస్‌ఎన్‌పీ ఎక్కువ జారింది, లేబర్ తక్కువ జారింది, అందుకే 602 ఓట్ల మెజారిటీతో లేబర్ గట్టెక్కింది.

శాతాలు పక్కన పెట్టి ఓట్లు లెక్కబెడితే విషయం ఇంకా తేటపడుతుంది. ఎస్‌ఎన్‌పీ 16,761 నుంచి 7,957కు దిగింది, అంటే 8,804 ఓట్లు పోయాయి. లేబర్ 12,179 నుంచి 8,559కి దిగింది, 3,620 పోయాయి. మొత్తం పోలైన ఓట్లే సుమారు 9,200 తగ్గాయి. రిఫార్మ్‌కు 7,088 వచ్చాయి. కన్సర్వేటివ్‌లు కోల్పోయినవి సుమారు 4,700. ఆ 4,700 మందీ గంపగుత్తగా రిఫార్మ్‌కే వేశారనుకున్నా ఇంకా 2,300కు పైగా లోటు ఉంటుంది. ఆ ఓట్లు వేరే పార్టీల నుంచో, 2021లో ఓటెయ్యని వాళ్ల నుంచో వచ్చి తీరాలి. ఫలితాల పట్టిక నుంచి గట్టిగా చెప్పగలిగేది ఇలాంటి హద్దులే. ఎస్‌ఎన్‌పీ పాత ఓటర్లలో ఎంతమంది ఇంట్లో కూర్చున్నారు, ఎంతమంది పార్టీ మార్చారు అన్నది ఆ పట్టికలో ఉండదు. ఉందన్నట్టు రాసే విశ్లేషణను నమ్మకండి.

ప్రశ్న: 2011లో ఎస్‌ఎన్‌పీ ప్రభంజనంలో లేబర్ కంచుకోటలు కూలాయంటారు. లేబర్ ఓటర్లంతా ఎస్‌ఎన్‌పీకి వెళ్లిపోయారా?

నియోజకవర్గ ఓట్లలో లేబర్ వాటా 2007లో 32.2 శాతం, 2011లో 31.7. తగ్గింది అర పాయింటే. ఓట్లలో చూస్తే సుమారు 6.48 లక్షల నుంచి 6.30 లక్షలకు. కానీ నేరుగా గెలిచిన నియోజకవర్గాలు 37 నుంచి 15కు పడిపోయాయి. అదే ఎన్నికలో ఎస్‌ఎన్‌పీ 32.9 నుంచి 45.4కు ఎగబాకింది. ఆ 12.5 పాయింట్లు ఎక్కడివి? లిబరల్ డెమొక్రాట్లు 16.2 నుంచి 7.9కి కుంగారు, కన్సర్వేటివ్‌లు 16.6 నుంచి 13.9కి తగ్గారు, చిల్లర పార్టీలు ఒక పాయింటు పోగొట్టుకున్నాయి. 2010 మేలో లండన్‌లో కన్సర్వేటివ్‌లతో కలిసి ప్రభుత్వంలో చేరాక స్కాట్లండ్‌లో లిబరల్ డెమొక్రాట్ల ఓటు ఎలా కరిగిపోయిందో ఈ అంకెలే చెబుతున్నాయి. లేబర్‌కు ఎదురు నిలిచిన ఓటు అంతకుముందు మూడు చోట్ల చీలేది. 2011లో అది ఒక్కచోటికి చేరింది. తన ఓటు దాదాపు నిలబెట్టుకున్న లేబర్ మునిగింది అందుకే.

ఇక్కడో హెచ్చరిక. లేబర్ అర పాయింటే తగ్గిందంటే లేబర్ నుంచి అంతమందే కదిలారని కాదు. అది పోయినవాళ్లలోంచి వచ్చినవాళ్లను తీసేస్తే మిగిలిన నికరం. లేబర్ నుంచి చాలామంది ఎస్‌ఎన్‌పీకి వెళ్లి ఉండొచ్చు. లిబరల్ డెమొక్రాట్ల నుంచి వచ్చినవాళ్లు ఆ లోటు పూడ్చి ఉండొచ్చు. తొట్టెలో నీటి మట్టం మారలేదంటే పంపు, తూము రెండూ మూసి ఉన్నాయని అర్థం కాదు కదా.

2007ను పునాదిగా తీసుకునేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఆ ఏడాది నియోజకవర్గ ఓటు, పార్టీ జాబితా ఓటు రెంటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన అచ్చు వేశారు. స్థానిక సంస్థల ఎన్నికలు కూడా అదే రోజు, వేరే పద్ధతిలో పెట్టారు. ఓటర్లు గందరగోళపడి నియోజకవర్గ ఓట్లలో సుమారు 4 శాతం చెల్లకుండా పోయాయి. అందుకని 2007 అంకెలతో పోల్చి అర పాయింటు తేడాల మీద సిద్ధాంతాలు కట్టకూడదు. పైగా 2011కి నియోజకవర్గాల హద్దులు కూడా మారాయి.

ప్రశ్న: 2016లో ఎస్‌ఎన్‌పీ నియోజకవర్గ ఓటు శాతం పెరిగింది, సీట్లు మాత్రం 69 నుంచి 63కు తగ్గి మెజారిటీ పోయింది. ఇదెక్కడి లెక్క?

డీ హాంట్ లెక్క, అంటే జాబితా సీట్లు పంచే పద్ధతి. స్కాట్లండ్‌లో ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. ఒకటి నియోజకవర్గ అభ్యర్థికి, ఇంకొకటి ప్రాంతీయ జాబితాలోని పార్టీకి. మొత్తం 129 స్థానాల్లో 73 నియోజకవర్గాలవి, 56 జాబితాలవి. 8 ప్రాంతాలు, ఒక్కోదానికి 7 జాబితా సీట్లు. మెజారిటీకి 65 కావాలి. జాబితా సీట్లు పంచేటప్పుడు పార్టీ జాబితా ఓట్లను, ఆ ప్రాంతంలో అప్పటికే గెలిచిన సీట్లకు ఒకటి కలిపి, ఆ అంకెతో భాగిస్తారు. ఎక్కువ వచ్చినవాళ్లకు సీటు. గెలిచినవాళ్ల భాజకం ఒకటి పెరుగుతుంది, మళ్లీ లెక్క. ఏడుసార్లు.

2021 గ్లాస్గో ప్రాంతాన్ని కాగితం మీద వేసి చూడండి. తొమ్మిది నియోజకవర్గాలూ ఎస్‌ఎన్‌పీవే. జాబితా ఓట్లు ఎస్‌ఎన్‌పీకి 1,33,917, లేబర్‌కు 74,088, కన్సర్వేటివ్‌లకు 37,027, గ్రీన్స్‌కు 36,114. ఎస్‌ఎన్‌పీని 10తో భాగించాలి, 13,392 వస్తుంది. మిగతావాళ్లకు ఒకటితోనే మొదలు. మొదటి సీటు లేబర్‌ది. ఇప్పుడు లేబర్‌ను రెండుతో భాగిస్తే 37,044, కన్సర్వేటివ్‌ల కంటే 17 ఎక్కువ, రెండోదీ లేబర్‌దే. మూడోది కన్సర్వేటివ్, నాలుగోది గ్రీన్స్. ఐదోది 24,696తో లేబర్, ఆరోది 18,522తో మళ్లీ లేబర్. ఏడో సీటు దగ్గర కన్సర్వేటివ్‌లకు 18,513, గ్రీన్స్‌కు 18,057. సీటు కన్సర్వేటివ్‌లకు వెళ్లింది. గ్రీన్స్‌కు ఇంకో 914 ఓట్లు పడి ఉంటే అది వాళ్లదే. గ్రీన్స్‌తో ఏ సంబంధమూ లేని ఇండిపెండెంట్ గ్రీన్ వాయిస్ అనే పార్టీకి అదే బ్యాలెట్ మీద 2,210 ఓట్లు పడ్డాయి.

గ్లాస్గోలో లక్షా ముప్పై వేలకు పైగా ఓట్లతో ఎస్‌ఎన్‌పీకి దక్కిన జాబితా సీట్లు సున్నా. ఒక్కటి రావాలన్నా 1,85,000 దాటాలి. 2016లో స్కాట్లండ్ అంతటా జరిగింది ఇదే. ఎస్‌ఎన్‌పీ నేరుగా గెలిచినవి 53 నుంచి 59కి పెరిగాయి, దాంతో భాజకాలు పెరిగాయి. జాబితా ఓటు 44.0 నుంచి 41.7 శాతానికి తగ్గింది. జాబితా సీట్లు 16 నుంచి 4కు పడ్డాయి. ఓటర్లు వదిలేసింది కొద్దిగానే, సీట్ల పంపకం దాన్ని పెద్దది చేసి చూపింది.

ప్రశ్న: 2021లో ఎస్‌ఎన్‌పీకి 47.7 శాతం అని ఒకచోట, 40.3 అని ఇంకోచోట ఉంది. ఏది సరి?

మొదటిది నియోజకవర్గ ఓటు, రెండోది జాబితా ఓటు. నియోజకవర్గ ఓటును జాబితా ఓటుతో పోల్చి ‘ఏడు పాయింట్లు పడిపోయింది’ అని రాసినవి తరచూ కనిపిస్తాయి. ఆ ఏడు పాయింట్లు పార్టీని వదిలినవాళ్లవి కావు, ఒకే రోజు రెండు కాగితాల మీద వేర్వేరుగా వేసినవాళ్లవి. గ్రీన్స్‌కు నియోజకవర్గాల్లో 1.3 శాతమే, జాబితాలో 8.1. వాళ్లు కొద్ది నియోజకవర్గాల్లోనే నిలబడ్డారు మరి. జాబితాకు మాత్రమే పోటీ చేసిన, స్వాతంత్ర్యం కోరే మరో పార్టీ ఆల్బాకు 1.7 శాతం వచ్చింది, సీటు రాలేదు. జాబితాను జాబితాతో, నియోజకవర్గాన్ని నియోజకవర్గంతో పోల్చండి.

ప్రశ్న: 2010లో లేబర్‌కు 42 శాతం, ఏడాది తిరక్కుండానే ఎస్‌ఎన్‌పీకి 45. స్కాట్లండ్ ఓటర్లకు నిలకడ లేదా?

ఉంది. 2010లో జరిగింది వెస్ట్‌మినిస్టర్ ఎన్నిక, 2011లో జరిగింది హోలీరూడ్ ఎన్నిక. లండన్‌కు ఎవరిని పంపాలన్నది ఒక ప్రశ్న, ఎడిన్‌బరాను ఎవరు పాలించాలన్నది ఇంకొకటి. రెంటికీ వేర్వేరు జవాబులు ఇచ్చేవాళ్లు అప్పట్లో చాలామంది ఉండేవారు. 2010లో 59 సీట్లలో లేబర్‌కు 41, ఎస్‌ఎన్‌పీకి 6.

ఆ రెండు ప్రశ్నల మధ్య గోడను పడగొట్టింది 2014 సెప్టెంబర్ 18 నాటి స్వాతంత్ర్య రెఫరెండం. ‘వద్దు’ 55.3, ‘కావాలి’ 44.7, పోలింగ్ 84.6 శాతం. ‘కావాలి’ అన్నవాళ్లు ఎస్‌ఎన్‌పీ వెనక చేరారు. 2015 వెస్ట్‌మినిస్టర్ ఎన్నికలో ఆ పార్టీ 59లో 56 గెలిచింది, లేబర్‌కు ఒక్కటే మిగిలింది. 2016 హోలీరూడ్ ఎన్నికలో ‘వద్దు’ అన్నవాళ్లలో ఒక భాగం లేబర్‌ను దాటి కన్సర్వేటివ్‌ల వైపు జరిగారు. కన్సర్వేటివ్‌లు 15 నుంచి 31కి పెరిగి, 24తో మిగిలిన లేబర్‌ను మూడో స్థానానికి నెట్టారు. మా దృష్టిలో గత పాతికేళ్ల అసలు మలుపు ఇదే. అప్పటిదాకా ఓటు వామపక్షం, కుడిపక్షం అనే గీత మీద కదిలేది. ఆ తర్వాత దేశం విడిపోవాలా వద్దా అనే గీత దాన్ని అడ్డంగా కోసింది. 2024 జులై వెస్ట్‌మినిస్టర్ ఎన్నికలో లేబర్ 57లో 37 గెలిచి ఎస్‌ఎన్‌పీని 9కి దించింది. కానీ దాన్ని హోలీరూడ్‌కు యథాతథంగా అతికించకూడదని మరుసటి ఏడాది హామిల్టన్‌లో లేబర్ వాటాయే చూపింది.

ప్రశ్న: రెండు ఎన్నికల మధ్య సర్వేలను ఎంతవరకు నమ్మొచ్చు?

ముందు అడిగిన ప్రశ్న చూడండి, హోలీరూడ్‌కా వెస్ట్‌మినిస్టర్‌కా అని. తర్వాత నమూనా చూడండి. వెయ్యిమందిని అడిగిన సర్వేలో ఒక పార్టీ శాతానికి మూడు పాయింట్లు అటూ ఇటూ తేడా సహజం. రెండు సర్వేల మధ్య మార్పు చూసేటప్పుడు ఆ తేడా నాలుగు దాటుతుంది. పోయిన నెల 36, ఈ నెల 33 అంటే మద్దతు తగ్గిందని చెప్పలేం. నాలుగైదు సర్వేలు ఒకే దిక్కు చూపితే అప్పుడు నమ్మండి.

అన్నిటికంటే చెడ్డ పొరపాటు, బ్రిటన్ మొత్తం సర్వేలోంచి స్కాట్లండ్ వరసను కోసి తీసి హెడ్డింగు పెట్టడం. వెయ్యిమంది సర్వేలో స్కాట్లండ్ వాళ్లు ఎనభై తొంభై మంది ఉంటారు. దానికి పొరపాటు అవకాశం పది పాయింట్లు. పైగా ఆ తొంభై మంది స్కాట్లండ్ జనాభాకు తగినట్టు సరిచేసినవాళ్లు కూడా కారు. ‘ఇంకా తేల్చుకోలేదు’ అన్నవాళ్లను తీసేసి శాతం కట్టారా లేదా అన్నదీ పట్టికలో చూడాలి. ఒక పార్టీ పాత ఓటర్లు అలిగి ‘తేల్చుకోలేదు’ గడిలో కూర్చుంటే ఆ పార్టీ పడిపోయినట్టు కనబడుతుంది. ఎన్నిక దగ్గర పడేసరికి వాళ్లలో చాలామంది ఇంటికి తిరిగొస్తారు.

ప్రశ్న: సభ్యులు పార్టీ మారితే ఓటర్లు కూడా మారినట్టేనా? ఉప ఎన్నిక వస్తుందా?

రాదు. 2021లో ఎస్‌ఎన్‌పీ తరఫున గెలిచిన యాష్ రీగన్ 2023 అక్టోబర్‌లో ఆల్బాలో చేరి సభ్యురాలిగానే కొనసాగారు. నియోజకవర్గ సభ్యులు చనిపోయినా రాజీనామా చేసినా ఉప ఎన్నిక జరుగుతుంది. జాబితా సభ్యుల స్థానం ఖాళీ అయితే అదే పార్టీ జాబితాలో తర్వాతి పేరు వస్తుంది, ఓటింగ్ ఉండదు. ఫిరాయింపును ఓటర్ల మొగ్గుకు కొలతగా వాడకండి.

ప్రశ్న: సర్వే డేటా చేతిలో ఉంది. ఓట్ల బదిలీ పట్టిక సొంతంగా తయారుచేయాలంటే ఎలా?

వరసల్లో పాత ఓటు, నిలువు గడుల్లో కొత్త ఓటు పెట్టండి. ఇక్కడే చాలామంది పార్టీల పేర్లు రాసి ఆపేస్తారు. ‘ఓటెయ్యలేదు’ అనే వరస, అదే పేరుతో నిలువు గడి తప్పనిసరి. స్కాట్లండ్‌లో 2016 నుంచి హోలీరూడ్ ఎన్నికకు పదహారేళ్లకే ఓటు, కాబట్టి ‘అప్పటికి పదహారు నిండలేదు’ అనే వరస కూడా కావాలి. ‘అప్పుడు వేరేచోట ఉన్నారు’ అన్నది ఇంకో వరస. శాతాలను పోలైన ఓట్ల మీద కాక మొత్తం నమోదైన ఓటర్ల మీద కట్టండి. 2021లో వాళ్లు సుమారు 42.8 లక్షలు, ఓటేసింది 63.5 శాతం. అంతకుముందు 2016లో 55.6 శాతమే. ఎనిమిది పాయింట్ల కొత్త పోలింగ్‌ను మరిచి కట్టిన పట్టిక పార్టీ మారనివాళ్లను కూడా మారినట్టు చూపిస్తుంది.

తర్వాత తూకం వేయాలి. వరసల మొత్తాలు పాత ఫలితానికి సరిపోయేలా ప్రతి వరసను ఒక గుణకంతో పెంచండి లేదా తగ్గించండి. అప్పుడు నిలువు మొత్తాలు కొత్త ఫలితంతో తేడాగా వస్తాయి, వాటిని సరిచేయండి. దాంతో వరసలు మళ్లీ కొంచెం జరుగుతాయి. అంకెలు కదలడం ఆగేదాకా ఇలా తిప్పండి, సాధారణంగా ఐదారు తిప్పులు చాలు. తూకానికి ముందు యాభై మంది కూడా లేని వరస నుంచి శాతాలు చెప్పకండి.

చదవడంలో జరిగే పొరపాటు వేరు. పాత కన్సర్వేటివ్ ఓటర్లు 200 మంది, వాళ్లలో 80 మంది రిఫార్మ్‌కు వెళ్లారనుకుందాం. రిఫార్మ్ మొత్తం ఓటర్లు 160 అనుకుందాం. కన్సర్వేటివ్‌లలో 40 శాతం వెళ్లారన్నది ఒక వాక్యం, రిఫార్మ్ ఓటర్లలో 50 శాతం పాత కన్సర్వేటివ్‌లన్నది ఇంకో వాక్యం. రెంటినీ కలిపేస్తే కథే మారిపోతుంది.

అన్నిటికన్నా మొండి సమస్య జ్ఞాపకానిది. నాలుగేళ్ల కిందట ఎవరికి వేశారని అడిగితే జనం ఇవాళ తమకు నచ్చిన పార్టీ పేరో, అప్పుడు గెలిచిన పార్టీ పేరో చెబుతారు. వెయ్యనివాళ్లు కూడా వేశామంటారు. దాంతో మారినవాళ్ల సంఖ్య నిజం కంటే తక్కువ కనబడుతుంది. మందు ఒకటే, ఎన్నిక అయిన వారంలోనే అడిగి రాసిపెట్టి, వాళ్లనే మళ్లీ మళ్లీ అడగడం. స్కాటిష్ ఎలక్షన్ స్టడీ, బ్రిటిష్ ఎలక్షన్ స్టడీ అలాంటి ప్యానెళ్లు నడుపుతాయి. వాటిలోనూ రాజకీయాలు పట్టనివాళ్లు మధ్యలో జారిపోతారు, మిగిలేది ఆసక్తి ఉన్నవాళ్లు. ‘ఓటెయ్యలేదు’ వరస పలచబడటానికి అదే కారణం. ఆ వరసకు ఎక్కువ తూకం పడుతుందని గుర్తుంచుకుని చదవండి.

ప్రశ్న: గ్లాస్గోలో చదువుకుంటున్నాను, వీసా మీద ఉన్నాను. హోలీరూడ్‌కు ఓటు వేయొచ్చా?

వేయొచ్చు. కామన్‌వెల్త్ పౌరులకు ముందు నుంచీ ఉంది. 2020లో చేసిన చట్టంతో, చట్టబద్ధంగా నివసించే మిగతా విదేశీయులకు కూడా ఓటు వచ్చింది. ఓటర్ల జాబితాలో పేరు ఉండాలి, పోలింగ్‌కు 12 పనిదినాల ముందు అర్ధరాత్రితో నమోదు గడువు ముగుస్తుంది. హోలీరూడ్ ఎన్నికకు పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు అడగరు, వెస్ట్‌మినిస్టర్ ఎన్నికకు అడుగుతారు. ఒక్కో కాగితం మీద ఒక్కటే గుర్తు పెట్టండి.

ప్రశ్న: ఈ లెక్కలన్నీ వేల్స్‌కూ వర్తిస్తాయా?

2021 వరకు పద్ధతి ఇలాంటిదే, 40 నియోజకవర్గాలు, 20 జాబితా సీట్లు. 2026 ఎన్నికకు అంతా మారింది. వేల్స్ పార్లమెంటు సెనెడ్‌లో 96 స్థానాలు, ఆరేసి సీట్లున్న 16 నియోజకవర్గాలు, ఓటరుకు ఒక్కటే ఓటు, అదీ పార్టీ జాబితాకు. పాత రెండు ఓట్లలో దేనితో పోల్చాలన్నదే మొదటి చిక్కు. జాబితా ఓటుతో పోల్చడం కొంత నయం. ఆరు సీట్లే కాబట్టి ఒక నియోజకవర్గంలో దాదాపు 12 శాతం లేని పార్టీకి సీటు కష్టం. 2025 అక్టోబర్ 23న కేర్‌ఫిలీ ఉప ఎన్నిక పాత పద్ధతిలోనే, ఒకే సీటుకు జరిగింది. లేబర్ 46 శాతం నుంచి 11కు పడింది, వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రి 47.4తో గెలిచింది, రిఫార్మ్‌కు 36 వచ్చాయి. ఒక్క సీటు కోసం పోటీ అయినప్పుడు రిఫార్మ్‌ను ఆపాలనుకున్న లేబర్ ఓటరు ప్లైడ్‌కు వేయడానికి గట్టి కారణం ఉంటుంది. ఆరు సీట్లున్నచోట 12 శాతం దాటగల పార్టీకి వేసిన ఓటు వృథా పోదు, ఆ ఒత్తిడి తగ్గుతుంది. కేర్‌ఫిలీ శాతాలను తీసుకెళ్లి ఆరు సీట్ల నియోజకవర్గం మీద భాగించి సీట్లు చెప్పేవాళ్లు ఈ తేడానే వదిలేస్తున్నారు.